నా భయం చెల్లెలికి కోపంలా కనిపించేది

మా పల్లవి ఎడమ చెయ్యి చాపనన్న రోజు నాకు బాగా గుర్తుంది. మే నెల, మంగళవారం. నాందేడ్ ఎండకు పదకొండు గంటలకే మా ల్యాబ్ ముందు రోడ్డు మీద మనిషి కనబడడు. నేను ఆ ల్యాబ్‌లో శాంపిల్ కలెక్షన్ చేస్తాను. వచ్చినవాళ్ల చేతికి పట్టీ కట్టి, నరం వెతికి, రక్తం తీసే పని. పల్లవికి కొన్నాళ్లుగా జుట్టు ఊడుతోంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటోంది. సీబీసీ అనే రక్తపరీక్ష ఒకటి చేయిద్దామని ల్యాబ్‌కు రమ్మన్నాను.

వచ్చి కుర్చీలో కూర్చుంది. అంత ఎండలోనూ నిండు చేతుల కుర్తా. అలవాటుగా ఎడమ చెయ్యి పట్టుకోబోయాను. చటుక్కున వెనక్కి లాక్కుంది.

"కుడి చెయ్యికి తియ్యి అక్కా."

"ఎడమ చెయ్యికేమైందే?"

"ఏం కాలె. కుడికే తియ్యి."

ఆ లాక్కోవడంలో మణికట్టు దగ్గర బట్ట కొంచెం జరిగింది. ఎండిపోయిన గీతలు కనిపించాయి.

"గవేంది?"

"పక్కింటోళ్ల పిల్లి గీరింది."

నమ్మాను. నిజం చెప్పాలంటే, నమ్మాలనుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు చూడడమే నా ఉద్యోగం. పిల్లి గీరితే ఎలా ఉంటుందో నాకు తెలియదా? అయినా రక్తం తీసి, దూది అదిమి, ఇంటికి పంపేశాను. రిపోర్టులో హీమోగ్లోబిన్ తక్కువ వచ్చింది. డాక్టర్ ఐరన్ గోళీలు రాశారు. పల్లవి నీరసం, చిరాకు, పుస్తకం ముందు కూర్చుని గోడను చూడడం, అన్నీ ఆ ఒక్క రిపోర్టు మీదకు నెట్టేసి ఊపిరి పీల్చుకున్నాను.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది మహారాష్ట్రలోనే, తెలంగాణ సరిహద్దున దెగ్లూర్ తాలూకాలో మర్ఖేల్ దగ్గరి పల్లె. భూమి లేదు. నేను చిన్నగా ఉన్నప్పుడే బాపు, అంటే మా నాన్న, కూలి కోసం నాందేడ్ వచ్చి ఇక్కడి ధాన్యం మార్కెట్లో బస్తాలు మోసే హమాలీగా కుదిరాడు. అప్పటికి మూడేళ్ల కిందట అమ్మ సగరోళిలో ఒక హాస్టల్ వంటశాలలో పనికి చేరింది. వారమంతా అక్కడే ఉండి ఆదివారం వస్తుంది. కాబట్టి ఇంట్లో ఉండేది బాపు, నేను, పల్లవి. అప్పుడు నాకు ఇరవై నాలుగు. పల్లవికి పదిహేను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గల్లీలో హిందీ.

చెల్లెలి అసలు పేరు ఇది కాదు. ఇది రాయడానికి తనే ఒప్పుకుంది. తీసేయమన్న మాటలు తీసేశాను. ఏం చేసుకునేదో, దేనితో చేసుకునేదో రాయను. చదివేవాళ్లలో పిల్లలు కూడా ఉంటారు.

జూన్‌లో బడి తెరిచారు. పదో తరగతి. పల్లవి మాట తగ్గించింది. అన్నం తినమంటే "ఆకలి లేదు", ఏమైందంటే "ఏం లేదు". తలుపు ధడాలున వేసేది. పొగరెక్కిందనుకున్నాను. ఆ తర్వాత ఇంకో అనుమానం వచ్చింది. ఎవడైనా పిల్లవాడితో తిరుగుతోందేమోనని తను లేనప్పుడు ఫోన్ తీసి చూశాను. పిల్లవాడెవడూ లేడు. మరాఠీలో చిన్న చిన్న వాక్యాలు రాసుకుంది, అంతే. "ఆదివారం అమ్మ నా వైపు చూడలేదు." "హాజరు పిలిచేటప్పుడు నా పేరు దగ్గర మ్యాడమ్ గొంతు మారింది." "అక్క గిన్నె గట్టిగా పెట్టింది." "బాపు రెండు రోజులు మాట్లాడలేదు."

గిన్నె గట్టిగా పెడితే కూడా రాసుకుంటారా అని నాకు ఒళ్లు మండింది. ఫోన్ ఉన్నచోట పెట్టేశాను.

జులైలో ఒక శనివారం కుండపోత వాన. ల్యాబ్‌లో కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేయడంతో మధ్యాహ్నం ఒంటిగంటకే ఇంటికొచ్చాను. పల్లవి స్నానాల గదిలో ఉంది. నీళ్ల చప్పుడు లేదు. పిలిచాను, పలకలేదు. మా ఇంటి స్నానాల గది తలుపు పాత రేకుది, గట్టిగా నెడితే గొళ్లెం ఊడుతుంది. నెట్టాను.

నా ఉద్యోగమే రక్తంతో. కానీ ఆ రోజు ఆ తువ్వాలు చూసి తలుపు రేకు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయాలి. కొట్టాను. చెంప మీద, గట్టిగా. ఆ తర్వాత నా బ్యాగులోంచి గాజు గుడ్డ, మందు తీసి కట్టు కట్టాను. పల్లవి ఏడవలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఎందుకు చేసినవే?"

"తెల్వది."

"సచ్చిపోదామనుకున్నవా?"

"కాదు."

"మరేంది?"

"తెల్వది అక్కా. లోపల ఏందో అయితది. ఆగది."

"ఎప్పటి సంది?"

అది చెప్పకుండా నా చెయ్యి పట్టుకుంది. "బాపుకు చెప్పకు. అమ్మకు చెప్పకు. నా మీద ఒట్టు పెట్టు అక్కా. చెప్పినవంటే ఇగ నీతో జిందగీల మాట్లాడ."

తన తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. మళ్లీ చేయనని తనూ వేసింది. ఇద్దరం ఒకరినొకరం నమ్మినట్టు నటించాం.

ఆ తర్వాత పంతొమ్మిది రోజులు నేను బతికిన తీరు పగవాళ్లకు కూడా వద్దు. ఇంట్లో దాచాల్సినవన్నీ దాచాను. తన వస్తువులు కనబడక బాపు వెతుక్కుంటుంటే "నాకు తెల్వది" అన్నాను. ల్యాబ్‌లో చెయ్యి పట్టుకున్న ప్రతిసారీ, కూర్చున్నది ఎవరైనా, మా పల్లవి మణికట్టే కనిపించేది. ఎన్నడూ లేనిది నరం తప్పి రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. ఒక పెద్దాయన "క్యా బేటీ, ఆజ్ ధ్యాన్ కిధర్ హై?" అని, ఈరోజు ధ్యాస ఎక్కడుందని అడిగాడు. ఫోన్ మోగితే భయం. మోగకపోతే ఇంకా భయం. సాయంత్రం ఇంటికి పోయి పల్లవి చేతులు చూపించమనేదాన్ని, పోలీసులా. తను చూపించేది. చేతులు బాగానే ఉండేవి. చేతులు మాత్రమే చూడాలని నాకు ఎవరు చెప్పారు?

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం పక్కింటి మౌసీ ఫోన్ చేసింది. మౌసీ అంటే పిన్ని, ఆమె మరాఠీ మనిషి. "రేణుకా, లవ్‌కర్ యే." తొందరగా రా అని. ఇంకేం చెప్పలేదు. గొంతు వింటేనే తెలిసిపోయింది.

సర్కారీ దవాఖాన క్యాజువాలిటీకి మౌసీయే ఆటోలో తెచ్చింది. ఈసారి లోతుగా ఉంది. ఏడు కుట్లు పడ్డాయి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు. డ్యూటీలో ఉన్నది నా వయసు లేడీ డాక్టర్. కుట్లు వేస్తూనే పల్లవిని నెమ్మదిగా అడిగింది, "చనిపోవాలనుకున్నావా?" అని. "నాహీ" అంది పల్లవి. డాక్టర్ తల ఊపి, నన్ను పక్కకు పిలిచింది.

"ఇది మొదటిసారి కాదు. పాత మచ్చలున్నాయి. మీకు తెలుసా?"

"తెలుసు."

"ఇంట్లో ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు."

ఆమె నన్ను తిట్టలేదు. కేస్ పేపర్ మీద సైకియాట్రీ రిఫరెన్స్ రాసి చేతిలో పెట్టింది. "ఇంత బరువు ఒక్కదానివే ఎట్లా మోశావు? మీ నాన్నను పిలువు. ఇప్పుడే, నా ముందే."

పిలిచాను. బాపు బస్తాల దుమ్ముతోనే పరుగెత్తుకొచ్చాడు. కారిడార్‌లో నిలబెట్టి మొత్తం చెప్పాను. పిల్లి గీరిందన్న దగ్గరి నుంచి. ఆయన గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

"ఎవడన్న ఏమన్న అన్నడా బిడ్డను?"

"లేదు బాపూ."

"బళ్లె సార్లు కొట్టిన్రా?"

"లేదు."

"మరి నేనేం చేసిన్నే?"

లోపలికి వెళ్లి బాపు మంచం పక్కన నిలబడ్డాడు. పల్లవి ఆయన్ను చూసింది, తర్వాత నన్ను చూసింది. "ఒట్టు తప్పినవ్" అంది. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి నాతో మాట బంద్. ఏదైనా కావాలంటే బాపుతో చెప్పించేది.

మూడు రోజుల తర్వాత సైకియాట్రీ ఓపీడీకి వెళ్లాం. ఆ బోర్డు కింద కూర్చోవడానికి బాపు సిగ్గుపడ్డాడు. మార్కెట్లో తెలిసినవాడు ఎవడైనా చూస్తాడేమోనని రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. డాక్టర్ గారు ముందు మమ్మల్ని బయటికి పంపి పల్లవితో ఒక్కదానితోనే మాట్లాడారు. చాలాసేపటికి మమ్మల్ని పిలిచారు.

"హే నాటక్ నాహీ," అన్నారు మొదటి మాటగా. ఇది నాటకం కాదు. "పొగరు కాదు, గాలి సోకడం కాదు, ప్రేమ వ్యవహారం కాదు. సెల్ఫ్-హార్మ్ అంటాం. దానితోపాటు డిప్రెషన్ కూడా ఉంది. లోపల భరించలేని బాధ ఉంటుంది, దానికి పేరు తెలియదు, చెప్పడం రాదు. అది ఇట్లా బయటికి వస్తుంది. చేసుకున్నప్పుడు తగ్గినట్టు అనిపిస్తుంది కానీ తగ్గదు. సిగ్గు, భయం దానికి తోడవుతాయి."

"పాణానికి ఏం గాదు గద సాబ్?" అన్నాడు బాపు.

డాక్టర్ తప్పించుకోలేదు. "ఈరోజు చనిపోవాలన్న ఆలోచన లేదంటోంది, నేను నమ్ముతున్నాను. కానీ రిస్క్ ఉంది. ఆలోచన వస్తోందా అని నేను ప్రతిసారీ అడుగుతాను, మీరు కూడా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఆ భయం పెట్టుకోవద్దు."

థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఇంకా బీ-ట్వెల్వ్ రాశారు. మా ల్యాబ్‌లో నేను కాక ఇంకో అమ్మాయి రక్తం తీసింది. థైరాయిడ్ బాగుంది, బీ-ట్వెల్వ్ తక్కువ. రోజుకొక చిన్న గోళీ, వారానికొకసారి కౌన్సెలింగ్ మొదలయ్యాయి. గోళీ పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో చిరాకు, కలత పెరగవచ్చని, అలా అయితే ఆగకుండా తీసుకురమ్మని చెప్పారు. మొదటి వారం పల్లవి కాసేపు కూడా కుదురుగా కూర్చోలేకపోయింది, చెప్పినట్టే తీసుకెళ్లి చూపించాం. నేను వాకిట్లో చెప్పులు విడవకుండా కూర్చునేదాన్ని, ఏ క్షణంలో ఆటో ఎక్కాల్సి వస్తుందోనని.

అమ్మకు ఫోన్‌లో చెప్పలేకపోయాం. ఆదివారం వచ్చాక చెప్పాం. ఆమె ఏడ్చి, ఆ వారమే పల్లవిని ఊరికి తీసుకుపోయి తాయత్తు కట్టించుకొచ్చింది. డాక్టర్ కోప్పడతారేమోనని భయపడుతూ చెప్పాను. ఆయన నవ్వారు. "తాయత్తు ఉండనీ. గోళీ మాత్రం ఆపొద్దు."

కౌన్సెలింగ్ మ్యాడమ్ నలభై దాటిన మరాఠీ ఆవిడ. ఆమె మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మూడు వారాలు పల్లవి ఆమెకు ఒకే జవాబు ఇచ్చింది. "కాయ్ వాటత్ హోతం?" లోపల ఏమనిపించింది? "మాహిత్ నాహీ." తెలియదు. నాలుగో వారం మ్యాడమ్ నన్ను కూడా లోపలికి పిలిచారు.

"పల్లవీ, మీ ఇంట్లో తెలుగే కదా? మరాఠీ వద్దు. ఇంట్లో మాటలో చెప్పు. నాకు అర్థం కాకపోతే అక్క చెబుతుంది."

పల్లవి చాలాసేపు తన ఓణీ కొస మెలిపెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "బుగులు."

"భీతీ అంటోంది మ్యాడమ్," అన్నాను నేను. భయం అని.

"కాదు," అంది పల్లవి వెంటనే. నెల తర్వాత నేను చెప్పినదానికి తను ఇచ్చిన మొదటి జవాబు అది. "భీతీ అంటే కుక్క ఎంట పడితే అయ్యేది. బుగులంటే ఏం లేకున్నా అయ్యేది. అందరు ఉన్నప్పుడు గుడ అయితది."

మ్యాడమ్ తన కాగితం మీద ఆ మాటను మరాఠీ అక్షరాల్లో రాసుకున్నారు. సరిగ్గా పలికానా అని రెండుసార్లు పల్లవినే అడిగారు. మా చెల్లెలి ముఖంలో చిన్న వెలుగు కనబడింది. పదో తరగతి పిల్ల, ఒక పెద్దావిడకు మాట నేర్పుతోంది.

తర్వాత మ్యాడమ్ కొన్ని ఫొటోలు బల్ల మీద పరిచారు. ఎవరెవరివో ముఖాలు. ఒకాయన నవ్వుతున్నాడు, ఒకావిడ ఏడుస్తోంది, మిగిలినవాళ్లు ఊరికే చూస్తున్నారు. ఎవరి మనసులో ఏముందో చెప్పమన్నారు. ఊరికే చూస్తున్న ముఖాల దగ్గర పల్లవి తడుముకోలేదు. "ఈయనకు కోపమొచ్చింది." "ఈమెకు నేనంటే పడది." నాకు ఆ ముఖాల్లో ఏమీ కనబడలేదు. బస్సు కోసం ఎదురుచూసే మనుషుల్లా ఉన్నారు.

ఫోన్‌లో చూసిన వాక్యాలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. అమ్మ చూడలేదు, బడి మ్యాడమ్ గొంతు మారింది, అక్క గిన్నె గట్టిగా పెట్టింది. మా పిల్ల రోజంతా అందరి ముఖాలు చదువుతోంది, ప్రతి ముఖం మీదా తన మీద కోపమే రాసి ఉన్నట్టు చదువుతోంది. ఆ బరువుతో ఎవరు మాత్రం ఎన్నాళ్లు తిరగగలరు?

మ్యాడమ్ ఫొటోలు పక్కన పెట్టి అడిగారు. "ఇప్పుడు అక్క ముఖం చూడు. ఏం కనిపిస్తోంది?"

పల్లవి నా వైపు చూసింది. "నా మీద మస్తు కోపముంది. నా తోటి యాష్టకొచ్చింది, ఇసిగిపోయింది."

"రేణుకా, నువ్వు చెప్పు. ఇప్పుడు నీ లోపల ఏముంది?"

నేను తెలుగులోనే చెప్పాను, చెల్లెలితోనే. "కోపం కాదే. బుగులు. నువ్వు యాడ సచ్చిపోతవోనని బుగులు. పొద్దుగాల లేస్తే బుగులు, ఫోన్ మోగితే బుగులు. గా దినం నిన్ను కొట్టింది గుడ బుగులుతోనే కొట్టిన."

పల్లవి నన్నే చూస్తూ ఉండిపోయింది. "నీకా? నీకు బుగులైతదా?"

నేను భయపడితే నా కనుబొమ్మలు ముడిపడతాయట, పెదాలు బిగుసుకుంటాయట. ఇరవై నాలుగేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఎంత భయపడితే మా చెల్లెలికి అంత కోపంగా కనిపించాను. తను ఎంత ముడుచుకుంటే నాకు అంత పొగరుగా కనిపించింది.

మ్యాడమ్ నన్ను కూడా వదల్లేదు. "తనవి తప్పు ఊహలు. సరే. మరి నీవి? పొగరన్నావు, ప్రేమన్నావు, హీమోగ్లోబిన్ అన్నావు. ఒక్కసారైనా అడిగావా?"

"అడిగాను మ్యాడమ్. ఎందుకు చేశావని అడిగాను."

"అది అడగడం కాదు, విచారణ. నీ లోపల ఏముందో నాకు తెలియదు, చెప్పు అనాలి. తర్వాత నోరు మూసుకుని కూర్చోవాలి. నోరు మూసుకోవడమే కష్టం."

బయటికి వచ్చాక మెట్ల మీద పల్లవి అంది, "అయినా నువ్వు ఒట్టు తప్పినవ్."

"తప్పిన. మల్ల గట్లయితే మల్ల తప్పుత."

ఆటోలో మాత్రం నా పక్కన కూర్చుంది.

అమ్మ విషయం తేలడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. మ్యాడమ్ చెప్పినట్టే ఒక ఆదివారం అన్నం తిన్నాక నేనే మొదలుపెట్టాను. అమ్మ హాస్టల్ పనికి ఎందుకు పోయిందనుకుంటున్నావని పల్లవిని అడిగాను. తను కంచం వైపు చూస్తూ చెప్పింది. "ఆరో తరగతిల నాకు మార్కులు తక్కువొస్తే అమ్మ అన్నది, నీతోటి నేను యేగలేనని. గా నెలలనే పోయింది."

అమ్మకు ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "నీతోని యేగలేక పోయిన్నా బిడ్డా? బాపు నడుము పట్టేసి ఆర్నెల్లు బస్తా ఎత్తలేదు, యాదికుందా? గందుకు పోయిన. ఆడ నాలుగొందల మంది పోరగాండ్లకు పొద్దుమాపు వండి పెడ్త. ప్రతి పల్లెంల నీ మొకమే కనబడ్తది."

"మరి ఆదివారం అస్తే నా దిక్కు చూడవెందుకు?"

అమ్మ కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టింది. "చూస్తే ఏడుపస్తది. ఏడిస్తే మల్ల పోబుద్ధి కాదు," అంది.

మూడేళ్లు ఒకరినొకరు తప్పుగా చదివాం. ఒక్క ఇంట్లో, ఒక్క భాషలో.

దసరా దాకా పల్లవి మెల్లగా కోలుకుంది. గోళీ పట్టింది. నిద్ర కుదిరింది. మ్యాడమ్‌తో కలిసి ఒక కాగితం రాసుకుంది, సేఫ్టీ ప్లాన్ అంటారు. బుగులు మొదలైతే ముందు ఏం చేయాలి, ఎవరిని పిలవాలి, ఆ మనిషి దొరక్కపోతే ఎవరిని. మొదటి పేరు మౌసీది, రెండోది నాది. నాకు చిన్నగా కష్టమనిపించింది కానీ పైకి అనలేదు.

నవంబర్‌లో నన్ను చూడడానికి దెగ్లూర్ నుంచి ఒక సంబంధం వాళ్లు వచ్చారు. మంచివాళ్లు. పల్లవి తనే చాయ్ తెచ్చి ఇచ్చింది, అందరితో నవ్వుతూ మాట్లాడింది. మా పిల్ల బాగైపోయిందని లోలోపల సంబరపడ్డాను. మరునాడు పొద్దున నేను ల్యాబ్‌కు బయలుదేరుతుంటే నా ముందుకొచ్చి నిలబడింది.

"అక్కా, మల్ల అయింది."

కుర్తా చెయ్యి తనే పైకి జరిపింది. చిన్న గాయమే. కానీ నా కళ్లకు ఆ జులై మధ్యాహ్నమే కనబడింది. మూడు నెలల కష్టం నీళ్లపాలైందనుకున్నాను. "ఇంత చేసినా నీకు బుద్ధి రాదా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. నా ముఖం ఎట్లా ఉందో నాకు తెలుసు కనుక ముందు అదే చెప్పాను.

"నా మొకం గిట్లున్నది బుగులుతో. కోపం కాదు. నీ లోపల ఏమున్నదో నాకు తెల్వది. చెప్పు."

గాయం కడిగి కట్టు కట్టేదాకా తను మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నోరు మూసుకోవడమే కష్టమని మ్యాడమ్ ఎందుకన్నారో అప్పుడు తెలిసింది.

"నిన్న నువ్వు వాళ్ల ముందట నవ్వినవ్. గట్ల నవ్వంగ నేను నిన్ను చూసి ఎన్ని దినాలయిందో. నన్ను ఇడిచి పోతున్నందుకే గంత ఖుషీ అయితున్నవనుకున్న."

అబద్ధం చెప్పడం తేలిక. అట్లాంటిదేం లేదే, పిచ్చిదానా అనవచ్చు. కానీ ముఖాలు అంత శ్రద్ధగా చూసే పిల్ల అబద్ధాన్ని కూడా చూస్తుంది. అందుకని నిజం చెప్పాను.

"అవు. పోవాల్ననిపించింది. ఈ భయంల నుంచి కొన్ని దినాలు యాడికన్న పోవాల్ననిపించింది. నిన్ను ఇడిచిపెట్టాల్నని మాత్రం కాదు. రెండూ ఉన్నయి లోపల, ఒక్కసారే."

"రెండూ ఉంటయా?"

"ఉంటయి. నాకైతే ఉన్నయి."

తను నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఏడాదిలో నా ముందు ఏడవడం అదే మొదలు. ఆ రోజు నేను ల్యాబ్‌కు పోలేదు. ఇద్దరం ఓపీడీకి పోయాం. డాక్టర్ గారు కాగితం చూసి అడిగారు. "ఈసారి గాయాన్ని ఎవరు కనిపెట్టారు?"

"ఎవరూ కనిపెట్టలేదు, తనే వచ్చి చెప్పింది."

"అయితే ఇది రిలాప్సే, మళ్లీ జరగడమే, కానీ మొదటికి రాలేదు. మొదట్లో తలుపు విరగ్గొట్టాల్సి వచ్చింది. ఇప్పుడు తలుపు తనే తీసింది."

ఆయన అంత ధీమాగా చెప్పినా నా భయం తగ్గలేదు. ఆ శీతాకాలమంతా తగ్గలేదు.

ఇప్పుడు పల్లవి పదకొండో తరగతి, కామర్స్. పదిలో మార్కులు మామూలుగానే వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు. చివరిసారి జరిగి పది నెలలు దాటింది. గోళీ డోసు డాక్టర్ కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు, మాకై మేము ఆపలేదు. మ్యాడమ్ దగ్గరకు నెలకోసారి. అమ్మ ఇంకా సగరోళిలోనే ఉంది, కానీ ఇప్పుడు రోజూ సాయంత్రం వంట మొదలుపెట్టే ముందు వీడియో కాల్ చేస్తుంది, ఏడుపు వస్తే ఏడుస్తుంది. బాపుకు మాటలు రావు. మార్కెట్ నుంచి వచ్చి పల్లవి పక్కన కూర్చుని, "ఇయ్యాల నాకు అలసటున్నది, కోపం లేదు" అని మాత్రం చెబుతాడు. ఎవరు నేర్పారో తెలియదు.

నా పెళ్లి వచ్చే ఏడాదికి పెట్టుకున్నాం. పల్లవిని అడిగి, ఆ దెగ్లూర్ అబ్బాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తొందర లేదు, ఆగుదామన్నాడు. మొన్న వేసవిలో పల్లవి సగం చేతుల డ్రెస్ వేసుకుని బజారుకొచ్చింది. బట్టల దుకాణంలో ఒకావిడ మచ్చలు చూసి ఏమైందని అడిగితే, "అప్పుడు నాకు పానం బాగలేకుండె" అని చెప్పి వేరే రంగు చూపించమంది. నా భయం మాత్రం పోలేదు. స్నానాల గది తలుపు ఎక్కువసేపు మూసి ఉంటే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. తట్టి, "ఉన్నవా?" అంటాను. "ఉన్న అక్కా, తలకు పోసుకుంటున్న" అంటుంది విసుగ్గా. ఆ విసుగు వినడానికి ఎంత బాగుంటుందో.

ఇది చదివే అక్కలకు, తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ పిల్ల చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టమంటే పెట్టకండి. ఎంత ఏడ్చినా పెట్టకండి. "ఎవరికీ చెప్పనని అనలేను. ఇంట్లో ఒక పెద్దమనిషికి, దవాఖానలో ఒక డాక్టర్‌కు చెబుతాను. చెప్పేటప్పుడు నీ పక్కనే కూర్చుంటాను" అనండి. ఆ రోజే తీసుకుపోండి, రేపటికి ఆపకండి. పిల్లకు కోపం వస్తుంది. రానివ్వండి. మా చెల్లెలు నాతో నెల రోజులు మాట్లాడలేదు. మాట్లాడని ఆ రోజులన్నీ బతికే ఉంది.